దేశాంతరమేగిన ఆటల గురువులు

అరుప్పుకోట్టై, విరుదునగర్, కోవిల్పట్టి ప్రాంతాల తెలుగువారికి వలస అనునది గ్రంథాలలో చదివి తెలుసుకొనవలసిన విషయం కాదు. ఈ నల్లరేగడి సీమలో తెలుగు మాట్లాడే కుటుంబాలలో అధిక భాగం ఏదో ఒక శతాబ్దంలో ఉత్తరం నుండి తరలి వచ్చినవే. కోవిల్పట్టి చెంతనున్న ఇడైసేవల్ గ్రామంలో జన్మించి, ఇంట తెలుగు మాట్లాడుతూ తమిళంలో రచనలు చేసిన కి. రాజనారాయణన్ ఆ ప్రయాణ గాథనే ‘గోపల్లపురం’ అను నవలగా 1976లో వెలువరించారు. దాని కొనసాగింపు అయిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ పూర్వపు వలసలో కొందరు నాగలి పట్టి వచ్చారు, కొందరు మగ్గం మోసుకొని వచ్చారు, మరికొందరు తక్కెడతో వచ్చారు. చేతిలో ఉన్న పనిని బట్టి క్రొత్త ఊరు వారికి చోటిచ్చింది.

ఇరువదవ శతాబ్దంలో ఆ పరీక్షను ఊరి పెద్దల చేతి నుండి ప్రభుత్వాలు తీసుకున్నవి. వచ్చినవానికి ఏ పని వచ్చును, ఆ పని తమ దేశంలో కొరతగా ఉన్నదా, ఆ నేర్పుకు సాక్ష్యమేమి అన్న ప్రశ్నలు అచ్చు కాగితాల మీదికి ఎక్కినవి. వైద్యుడు, ఇంజనీరు, నర్సు ఈ ప్రశ్నలకు సులభంగా సమాధానం చెప్పగలిగారు. ఆట నేర్పే గురువు మాత్రం చాలాకాలం తడబడవలసి వచ్చింది. బడిపిల్లలు ఒకప్పుడు ‘డ్రిల్లు మాస్టరు’ అని పిలిచిన మనిషి విద్యను నైపుణ్యంగా ఏ దేశమైనా లెక్కించునా? ఆ లెక్క ఎప్పుడు మొదలైనది, ఎవరి బ్రతుకులలో ఎట్లు పరిణమించినది అన్నదే ఇక్కడ పరిశీలించదగిన విషయం.

ఈ కథలో మొదటి ప్రయాణం ఇక్కడి నుండి బయటకు పోయినది కాదు, బయటి నుండి ఇక్కడకు వచ్చినది. హ్యారీ క్రో బక్ అను అమెరికా దేశస్థుడు వై.ఎం.సి.ఏ. తరఫున మద్రాసు చేరి 1920లో వ్యాయామ విద్యా పాఠశాలను నెలకొల్పారు. తరువాత అది కళాశాలగా పెరిగి నందనంలో స్థిరపడింది. 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలకు వెళ్ళిన భారత జట్టుకు ఆయనే మేనేజరు. 1943లో మద్రాసులోనే కన్నుమూశారు. ఆ సంస్థలో చదువుకొన్న వ్యాయామోపాధ్యాయులు ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోని పాఠశాలలకు వ్యాపించారు. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ సీమలన్నింటి పిల్లలు బాస్కెట్‌బాల్, వాలీబాల్ వంటి ఆటలను సూత్రప్రకారం నేర్చుకొన్నది చాలవరకు ఆ పరంపర వల్లనే. ఒక పరదేశి శిక్షకుడు ఒక రాష్ట్రపు బడుల ఆటస్థలాలను ఎంతగా మార్చగలడో తెలుసుకొనగోరువారికి బక్ జీవితాన్ని మించిన ఉదాహరణ అరుదు.

తెలుగునాట అదే కాలానికి కొంచెం ముందు కోడి రామమూర్తి నాయుడు ఉన్నారు. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసిన మనిషి ఆయన. ఆపైన సర్కసు స్థాపించి, ఇంగ్లండు దాకా వెళ్ళి, ‘ఇండియన్ హెర్క్యులిస్’ అను బిరుదు పొందారు. అయితే సముద్రం దాటినది ఆయన బలమే గాని బోధన కాదు. లండన్ జనం ఆయన గుండెలపై ఏనుగు నిలవడం చూడగోరారు, ఆయన వద్ద కసరత్తు నేర్చుకొనగోరలేదు. ప్రదర్శనకు పోయినవాడు ఆట ముగిసిన మరునాడు తిరిగి రావలసినవాడే. నేర్పుటకు పోయినవాడు అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుంటాడు, ఆ ఊరి పిల్లల పేర్లు నేర్చుకుంటాడు. ఈ రెండింటికీ నడుమ ఉన్న దూరం చిన్నది కాదు.

ఆ దూరాన్ని మొదట తగ్గించినవి ఇంగ్లండులోని మిల్లు పట్టణాలు. ఈ సంగతి అరుప్పుకోట్టై వంటి నేతగాండ్ర ఊరివారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించగలదు. లాంకషైర్ మిల్లుల బట్ట ఈ దేశపు మగ్గాలను ఎట్లు దెబ్బతీసినదో ఇక్కడ వివరింపనక్కరలేదు. ఆ లాంకషైర్‌లోనే 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు మరలు ఆపవలెనని నిర్దేశించింది. కార్మికులకు శనివారం సాయంత్రం ఖాళీ దొరికింది. ఖాళీ దొరికిన చోట ఆట పుట్టింది, ఆట చూచుటకు టిక్కెట్టు పుట్టింది. 1892లో లాంకషైర్ లీగ్ ఏర్పడింది. 1900 నుండి ప్రతి జట్టూ ఒక్క వృత్తి ఆటగాణ్ణి మాత్రమే జీతమిచ్చి పెట్టుకొనవచ్చునను కట్టుబాటు వచ్చింది. ఆ ఒక్కడు శనివారం జట్టును గెలిపించవలె, మిగిలిన సాయంత్రాలు క్లబ్బులోని కుర్రవాండ్రకు నేర్పవలె. ఆటగాడు, శిక్షకుడు అను రెండు పనులు ఒకే జీతంలో ఇమిడిపోయినవి.

నెల్సన్ అను చిన్న నేత పట్టణం 1929లో వెస్టిండీస్ నుండి లియరీ కాన్‌స్టంటైన్‌ను పిలిపించింది. 1930ల చివరి సంవత్సరాలలో అదే నెల్సన్‌కు లాలా అమర్‌నాథ్, ప్రక్కనున్న కోల్న్‌కు అమర్ సింగ్ ఆడారు. యుద్ధానంతరం వినూ మన్కడ్ హాస్లింగ్డెన్‌లో చేరారు. అక్కడి క్లబ్బుల వారికి ఈ మనుషుల రంగు, మతం కన్న శనివారపు రాబడి ముఖ్యం, నిజమే. అయినా ఖద్దరు ఉద్యమం సాగుతున్న రోజులలో, మిల్లు బట్ట నేసే ఊరు భారతీయుణ్ణి పిలిచి తన పిల్లలకు గురువుగా నిలపడం చరిత్రలో చిత్రమైన మలుపు.

మన్కడ్ విషయంలో 1952లో జరిగినది ఆనాటి వృత్తి ధర్మాన్ని తెలుపును. ఆ వేసవిలో భారత జట్టు ఇంగ్లండులో పర్యటించింది. మన్కడ్ హాస్లింగ్డెన్‌తో ఒప్పందం చేసుకొని ఉన్నందున జట్టులో లేరు. మొదటి టెస్టులో భారత్ చిత్తుగా ఓడిన తరువాత క్లబ్బు అనుమతితో ఆయనను లార్డ్స్ టెస్టుకు తీసుకొన్నారు. ఆ మ్యాచ్‌లో ఆయన 72, 184 పరుగులు చేశారు. మొదటి ఇన్నింగ్సులో 196 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీశారు. భారత్ ఓడినప్పటికీ ఆ టెస్టును నేటికీ మన్కడ్ టెస్టు అనే పిలుస్తారు. ఒక దేశపు జట్టు తన ఉత్తమ ఆటగాణ్ణి ఒక మిల్లు ఊరి క్లబ్బు నుండి అరువు తెచ్చుకొనవలసి వచ్చినదంటే, ఆ కాలంలో ఆటకు జీవనభృతి ఎక్కడ ఉండెనో ఊహించవచ్చు.

అప్పటిదాకా కామన్వెల్త్ పౌరునికి బ్రిటన్‌లో ప్రవేశించుటకు వీసా అక్కరలేదు. ఓడ టిక్కెట్టు, క్లబ్బు ఉత్తరం చాలినవి. 1962 నాటి కామన్వెల్త్ వలసదారుల చట్టం ఆ తలుపును సగం మూసింది. పని కోరి వచ్చువారిని ఏ, బి, సి అను మూడు తరగతులుగా విభజించి వోచర్లు ఇచ్చారు. నిర్దిష్టమైన ఉద్యోగం చేతిలో ఉన్నవారు ఏ, గుర్తింపు పొందిన నైపుణ్యం గలవారు బి, మిగిలినవారు సి. మూడవ తరగతి కొద్ది సంవత్సరాలలోనే ఆగిపోయింది. తరువాత 1971 చట్టం 1973 జనవరి 1 నుండి అమలులోకి వచ్చి, యజమాని పేరుతో తెచ్చుకొనే వర్క్ పర్మిట్‌ను అవసరం చేసింది. ఆనాటి నుండి ఆటల గురువు సయితం పత్రాల మనిషి అయినాడు. అతని వెనుక ఒక క్లబ్బు నిలవాలి, ఇటువంటి పనివాడు తమకు స్థానికంగా దొరకడని అది చెప్పాలి.

ఈ క్రొత్త కాలపు శిక్షకులలో తెలుగువారు ముఖ్యంగా జ్ఞాపకముంచుకొనదగినవారు ఎం. వి. నరసింహారావు. 1954 ఆగస్టు 11న సికిందరాబాదులో జన్మించిన ఈయనను క్రికెట్ లోకం ‘బాబ్జీ’ అని పిలుస్తుంది. లెగ్ స్పిన్ బౌలరు, ఉపయోగకరమైన బ్యాట్స్‌మన్, బ్యాటు చెంత నిలిచి క్యాచ్‌లు పట్టడంలో నేర్పరి. 1978-79, 1979-80 సీజన్లలో వెస్టిండీస్‌పైన, ఆస్ట్రేలియాపైన కలిపి నాలుగు టెస్టులు ఆడారు. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్‌ల యుగం అస్తమిస్తున్న వేళ ఆ ఖాళీని పూరించగల స్పిన్నర్ల కోసం ఎంపికదారులు వెదకుతున్నారు. నరసింహారావుకు దొరికిన అవకాశం ఆ నాలుగు మ్యాచ్‌లతో ముగిసింది. పరుగులు, వికెట్లు లెక్కించే గ్రంథాలలో ఆయనకు దొరికే చోటు రెండు పంక్తులే.

అయితే హైదరాబాదు క్రికెట్‌లో ఆయన స్థానం వేరు. 1937-38 తరువాత అర్ధ శతాబ్దం పాటు రంజీ ట్రోఫీ హైదరాబాదుకు అందలేదు. గులాం అహ్మద్, జైసింహ, పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్ వంటివారు ఉన్న రోజులలో సయితం అందని ఆ ట్రోఫీని 1986-87లో నరసింహారావు నాయకత్వంలోని జట్టు, ఢిల్లీ జట్టును వారి సొంత కోట్లా మైదానంలోనే మొదటి ఇన్నింగ్సు ఆధిక్యంతో ఓడించి గెలుచుకొన్నది. సికిందరాబాదులోని సెయింట్ జాన్స్ క్రికెట్ శిక్షణ సంస్థతో ఆయనకు గల అనుబంధం సయితం ఆ నగరపు ఆటల చరిత్రలో భాగం.

ఇట్టి మనిషి చేరుకొన్న ఊరు స్ట్రబేన్. ఉత్తర ఐర్లండులోని టైరోన్ జిల్లాలో, నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణమది. వంతెన దాటితే లిఫర్డ్, అంటే వేరే దేశం, ఐర్లండు గణతంత్రం. కథోలికులు అధిక సంఖ్యలో ఉన్న ఈ సరిహద్దు పట్టణం 1960ల చివర మొదలై ముప్పది ఏండ్లు సాగిన అంతర్యుద్ధ సమానమైన కలహంలో నలిగిపోయింది. ఆ కలహంలో ఉత్తర ఐర్లండు మొత్తం మీద మూడున్నర వేలకు పైగా ప్రాణాలు పోయినవి. బాంబు దాడులకు తరచుగా గురైన పట్టణాలలో స్ట్రబేన్ ఒకటి. నిరుద్యోగంలోనూ ఒకప్పుడు దానికి అపఖ్యాతి ఉండేది. వీధి మొదట సైనికుల తనిఖీ కేంద్రం, వీధి చివర మూతబడిన దుకాణం. ఇటువంటి ఊరికి ఒక దక్కను లెగ్ స్పిన్నరు క్రికెట్ నేర్పుటకు వచ్చారు.

అక్కడ క్రికెట్ నేర్పుట కేవలం బంతి తిప్పుట నేర్పుట కాదు. ఐర్లండులో ఆ ఆటకు రాజకీయపు మైల అంటుకొని ఉండేది. గెలిక్ క్రీడల సంఘం తన సభ్యులు ‘పరదేశపు ఆటలు’ ఆడరాదని, చూడనైనా చూడరాదని 27వ నియమం పెట్టుకొన్నది. ఆ పరదేశపు ఆటలంటే క్రికెట్, రగ్బీ, హాకీ, సాకర్. నియమం 1971లో రద్దయినది గాని, దశాబ్దాల అలవాటు ఒక తీర్మానంతో పోవునా? క్రికెట్ ఆంగ్లేయుల ఆట, కనుక ప్రొటెస్టంటుల ఆట అన్న తలంపు చాలా ఇండ్లలో మిగిలిపోయింది. పిల్లల బడులు సయితం మతాన్ని బట్టి వేరువేరుగా ఉండేవి. ఒక వర్గపు బాలుడు మరొక వర్గపు బాలుణ్ణి పేరు పెట్టి పిలువవలసిన సందర్భమే రాకుండా పెద్దవాడు కావచ్చు.

ఇక్కడ పరదేశి శిక్షకునికి ఒక విశేషమైన అనుకూలత ఉన్నది. స్థానికుడు ఎవడైనా నోరు తెరవగానే అతని పేరు, బడి, వీధి అతని పక్షమేదో చెప్పివేస్తవి. హైదరాబాదు నుండి వచ్చినవానికి ఆ రెండు పక్షాలలో దేనిలోనూ చోటు లేదు. కనుకనే రెంటికీ చేరువ కాగలడు. అయితే ఈ అనుకూలత ఒక్క సీజన్‌కు వచ్చి ఆడిపోయే వృత్తి ఆటగానికి దక్కదు. ఏటేటా తిరిగి వచ్చి, చివరకు అక్కడే నివసించి, తండ్రులకు నేర్పిన చోటనే కొడుకులకు నేర్పినవానికే అది దక్కును. 2011లో బ్రిటిష్ రాణి గౌరవ జాబితాలో నరసింహారావుకు ఎం.బి.ఇ. పురస్కారం వచ్చినది ఉత్తర ఐర్లండులో క్రికెట్‌కు, సమాజానికి చేసిన సేవకుగాను. క్రికెట్ అన్న మాట ప్రక్కనే సమాజం అన్న మాట ఉండుట గమనించదగినది. నాలుగు టెస్టుల ఆటగానికి స్వదేశపు గణాంకాలు ఇవ్వలేని స్థానం ఆ రెండవ మాటలో ఉన్నది.

స్ట్రబేన్‌కు కొద్ది మైళ్ళ దూరంలో సయన్ మిల్స్ అను గ్రామం కలదు. పేరులోనే మిల్లు ఉన్నది. 1835లో హెర్డ్‌మన్ సోదరులు అవిసె నార వడికే మిల్లు పెట్టి, కార్మికులకు ఇండ్లు, బడి కట్టించి, ఆడుకొనుటకు క్రికెట్ మైదానం సయితం ఏర్పరచిన ఊరు. ఆ మైదానంలో 1969 జూలై 2న ఐర్లండు జట్టు వెస్టిండీస్‌ను కేవలం 25 పరుగులకు ఆలౌటు చేసింది. తొమ్మిది వికెట్లు 12 పరుగులకే పడిపోయినవి. తడిసిన పిచ్‌పై గుడ్విన్ ఆరు పరుగులిచ్చి ఐదు, ఓరియోర్డన్ 18 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశారు. మిల్లు 2004లో మూతపడింది. ఆట నిలిచింది. కోయంబత్తూరులో 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్లుకు కోవిల్పట్టిలోనూ శాఖ ఏర్పడిన చరిత్ర ఎరిగిన ఈ ప్రాంతపు పాఠకులకు సయన్ మిల్స్ అంత పరాయి ఊరుగా తోచకపోవచ్చు. మరల మోత, దారం ధూళి, సాయంత్రపు గంట, ఆపైన మైదానం అను క్రమం రెండు చోట్లా ఒక్కటే.

సికిందరాబాదు పిచ్‌కు, ఆ తడి నేలకు ఉన్న తేడా శిక్షకునికి పెద్ద సమస్య. ఎండిన గట్టి నేలపై లెగ్ బ్రేక్ పడి ఎగిరి తిరుగును. బ్యాట్స్‌మన్‌కు ఆలోచించు వ్యవధి తక్కువ. చిత్తడి నేలపై అదే బంతి పడి, ఆగి, నెమ్మదిగా వచ్చును. బౌలరు బంతిని కొంచెం వేగంగా, తక్కువ ఎత్తున వేయవలె. బ్యాట్స్‌మన్ తొందరపడి ముందుకు ఆడరాదు. హైదరాబాదులో ఏడాదిలో అధిక భాగం ఆరుబయట సాధన చేయవచ్చు. అక్కడ ఏప్రిల్ చివర నుండి సెప్టెంబరు వరకే సీజన్, అందులోనూ వాన. మిగిలిన నెలలలో బడి హాలులో చెక్క నేలపై మెత్తని బంతితో మణికట్టు తిప్పుట నేర్పవలె. ఒక దేశంలో సంపాదించిన విద్యను మరొక దేశంలో యథాతథంగా దింపుట సాధ్యం కాదు. విద్యలో ఏది మూలసూత్రమో, ఏది కేవలం నేల అలవాటో వేరుచేసి చూడగలిగినప్పుడే అది ప్రయాణానికి పనికివస్తుంది. వీసా అధికారి అడిగే పత్రాలలో ఈ వివేకానికి గడి ఉండదు.

ఆ వాయువ్య ప్రాంతపు క్లబ్బులు తరువాతి కాలంలో ఐర్లండుకు మంచి ఆటగాండ్రను అందించినవి. స్ట్రబేన్‌కు సమీపంలోని డోనెమానాలో పెరిగిన విలియం పోర్టర్‌ఫీల్డ్ ఐర్లండు నాయకుడై, 2011 మార్చి 2న బెంగళూరులో ఇంగ్లండును ఓడించిన జట్టును నడిపారు. 2017లో ఐర్లండుకు టెస్టు హోదా వచ్చింది. ఈ ఘనతను ఏ ఒక్క పరదేశి శిక్షకునికో అంటగట్టుట చరిత్రకు అన్యాయం. దశాబ్దాల పాటు భారత్, పాకిస్తాన్, దక్షిణాఫ్రికా, వెస్టిండీస్‌ల నుండి వచ్చిన వృత్తి ఆటగాండ్రు ఆ చిన్న చిన్న ఊళ్ళలో పోసిన నీరు అది.

నరసింహారావు వెళ్ళినది ఒక ఊరికి. దేశాల జట్లకే గురువులుగా వెళ్ళినవారు మరికొందరు. 2003 ప్రపంచకప్‌లో కెన్యా సెమీఫైనల్ చేరి లోకాన్ని ఆశ్చర్యపరచినప్పుడు దాని శిక్షకుడు సందీప్ పాటిల్. హైదరాబాదు ఫుట్‌బాల్ తీర్చిదిద్దిన సయ్యద్ నయీముద్దీన్ బంగ్లాదేశ్‌లో క్లబ్బులకు, జాతీయ జట్టుకు శిక్షణ ఇచ్చారు. లాల్‌చంద్ రాజ్‌పుత్ అఫ్ఘానిస్తాన్, జింబాబ్వే జట్లను తీర్చారు. ఇవన్నీ ప్రభుత్వాలు, క్రీడామండలులు పిలిచిన పిలుపులు గనుక వీసా చిక్కులు తక్కువ.

వీరిలో అందరికన్న తీవ్రమైన చర్చకు కారణమైనవారు నాసిక్‌కు చెందిన కబడ్డీ శిక్షకురాలు శైలజా జైన్. ఇరాన్ మహిళల జట్టుకు ఆమె గురువై, వారితో మాట్లాడుటకు పారసీక భాష నేర్చుకొన్నారు. 2018 ఆగస్టు 24న జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఆ జట్టు భారత మహిళలను 27-24తో ఓడించి స్వర్ణం గెలిచింది. అంతకు ముందు 2010, 2014 క్రీడలలో ఆ స్వర్ణం భారత్‌దే. 1990 నుండి ఒక్కసారియైనా స్వర్ణం చేజార్చుకొనని పురుషుల జట్టు సయితం అదే క్రీడలలో సెమీఫైనల్లో ఇరాన్ చేతనే ఓడిపోయింది. మన విద్య పరులకు ఇచ్చి మనమే ఓడితిమి అని కొందరు వాపోయారు.

ఆ వాదంలో బాధ ఉన్నది గాని బలం లేదు. కబడ్డీ ఒలింపిక్ స్థాయిని అందుకొనవలెనంటే పది దేశాలు దానిని బాగుగా ఆడవలె. ఒక్క దేశమే గెలిచే ఆటను ఎవరు చేర్చుకొంటారు? పైగా 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో రెండు స్వర్ణాలూ తిరిగి భారత్‌కే వచ్చినవి. మహిళల ఫైనల్లో చైనీస్ తైపీపై గెలుపు 26-25, అంటే ఒకే ఒక్క పాయింటు. ఆట విస్తరించినదనుటకు ఇంతకన్న రుజువు అక్కరలేదు. ఇక పుచ్చుకొనుటలో మాత్రం ఈ దేశం సంకోచించినదా? 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నలుబది ఒక్క ఏండ్ల తరువాత హాకీ పతకం తెచ్చిన జట్టు గురువు ఆస్ట్రేలియా దేశస్థుడు గ్రాహం రీడ్. అదే క్రీడలలో కాంస్యం గెలిచిన పి. వి. సింధు వెనుక నిలిచినది కొరియా దేశస్థుడు పార్క్ టే సాంగ్.

ఇక పిలుపు లేక, పేరు లేక, కేవలం నేర్పు నమ్ముకొని పోదలచిన సామాన్య శిక్షకుని సంగతి వేరు. అతని భవితవ్యం ప్రతి దేశపు వృత్తుల పట్టికలో ఏ వరుసలో ఉన్నాడన్న దానిపై ఆధారపడును. అమెరికా 1990 నాటి వలస చట్టంతో ‘ఓ’, ‘పి’ అను వీసా తరగతులను సృష్టించింది. అసాధారణ ప్రతిభ గల క్రీడారంగపు మనిషికి మొదటిది, పేరొందిన క్రీడాకారులకు, వారికి తోడుగా పోయే అవసరమైన సిబ్బందికి రెండవది. బ్రిటన్ 2008లో పాయింట్ల పద్ధతి తెచ్చినప్పుడు క్రీడాకారులకు, శిక్షకులకు ప్రత్యేక మార్గం ఏర్పరచి, 2021 అక్టోబరులో దానిని అంతర్జాతీయ క్రీడాకారుల వీసాగా మార్చింది. క్లబ్బు స్పాన్సరు కావలె. ఆ క్రీడను నడిపే జాతీయ మండలి ఆమోదపత్రం ఇవ్వవలె. ఒకనాడు క్లబ్బు కార్యదర్శి వ్రాసిన ఉత్తరం చాలిన చోట నేడు ఈ రెండు ముద్రలు పడవలె. కెనడా తన వృత్తుల పట్టికలో శిక్షకులకు 53201 అను సంఖ్య ఇచ్చింది. అక్కడ స్వయం ఉపాధి పథకం క్రింద క్రీడా శిక్షకులకు శాశ్వత నివాసానికి ఒక దారి ఉండేది గాని, 2024 ఏప్రిల్ 30న క్రొత్త దరఖాస్తుల స్వీకరణను నిలిపివేశారు.

ఆస్ట్రేలియా, న్యూజీలండ్‌లు కలసి 2006లో వెలువరించి చాలాకాలం వాడిన వృత్తుల వర్గీకరణ మరీ ఆసక్తికరం. అందులో టెన్నిస్ శిక్షకునికి 452316, ఈత శిక్షకునికి 452315 అని ప్రత్యేక సంఖ్యలు ఉన్నవి. గుర్రపుస్వారీ నేర్పేవారికి ఒకటి, మంచుపై జారుట నేర్పేవారికి మరొకటి. క్రికెట్‌కు, హాకీకి, కబడ్డీకి మాత్రం సొంత సంఖ్య లేదు. అవన్నీ ‘ఇతర క్రీడల శిక్షకులు’ అను 452317 క్రిందికే పోవలె. క్రికెట్‌ను ప్రాణంగా చూచుకొనే దేశపు పట్టికలో క్రికెట్ గురువు ‘ఇతరుడు’ కావడం గుమాస్తాల లోకపు వింత. 1947 తరువాత జబల్పూరు నుండి పెర్త్ చేరి ఆస్ట్రేలియా హాకీ జట్టుకు ఆడిన పియర్స్ సోదరులు ఐదుగురిని ఆ దేశం ఏ సంఖ్య అడిగి రానిచ్చినది?

కోవిల్పట్టి ప్రసక్తి లేకుండా ఈ ప్రాంతంలో హాకీ మాట పూర్తికాదు. అగ్గిపెట్టెలకు, కడలై మిఠాయికి ఎంత పేరో హాకీకీ అంత పేరున్న పట్టణమది. లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత పోటీలకు దేశపు నలుమూలల నుండి జట్లు రావడం, కృత్రిమ పచ్చిక మైదానం ఏర్పడడం, ఆ ఊరి యువకుడు మారీశ్వరన్ శక్తివేల్ 2022 ఆసియా కప్‌లో భారత జట్టు తరఫున ఆడడం అందరూ ఎరిగినవే. 2025లో జూనియర్ ప్రపంచకప్ పోటీలు చెన్నైతో పాటు మదురైలోనూ జరిగినవి. ఇటువంటి పట్టణంలో ఉదయం ఆరు గంటలకు కర్రలు పట్టిన పిల్లలను వరుసగా నిలిపి నేర్పేవారు ఉంటారు. వారిలో కొందరు పగలు మిల్లులోనో, అగ్గిపెట్టెల కర్మాగారంలోనో, బడిలోనో పనిచేసి, ఉదయం, సాయంత్రం ఉచితంగా నేర్పే పెద్దలు. 1961లో పటియాలలో స్థాపించిన జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా అందరికీ ఉండదు.

పరదేశపు కాగితాల ముందు ఈ మనిషి స్థితి ఏమి? ఆస్ట్రేలియాకు పోగోరు శిక్షకుల నైపుణ్యాన్ని అంచనా వేసే సంస్థ సాధారణంగా చూచేవి రెండు. మొదటిది తగిన చదువు. రెండవది గత ఐదేండ్లలో కనీసం ఒక సంవత్సరమైనా వారానికి 20 గంటలకు తగ్గకుండా, జీతం పుచ్చుకొని, అదే పని చేసిన సాక్ష్యం. నియామకపు ఉత్తరం, జీతపు చీటీలు, బ్యాంకు ఖాతా పుస్తకం, యజమాని సంతకంతో చేసిన పనుల వివరణ కోరతారు. హైదరాబాదు వంటి నగరంలో పెద్ద అకాడమీలో పనిచేసే యువ శిక్షకునికి ఇవన్నీ దొరకును. పతకాల ఫోటోలు, ఊరి పెద్దల ప్రశంసాపత్రాలు, శిష్యుల జాబితా మాత్రమే ఉన్నవాని దరఖాస్తు మొదటి పుటలోనే ఆగిపోవును. ఇరువది ఏండ్లు ఉచితంగా నేర్పినవానికి ఆ ఇరువది ఏండ్లూ లెక్కకు రావు.

కనుక ఈ మధ్య కాలంలో ఈ ప్రాంతపు యువ వ్యాయామోపాధ్యాయులకు అనుభవజ్ఞులు చెప్పే మాట చాలా సాదా మాట. నేర్పిన ప్రతి శిబిరానికి తేదీ, గంటలు, పిల్లల సంఖ్య వ్రాసిన పుస్తకం ఉంచుకొనవలె. క్లబ్బు ఇచ్చునది నెలకు వేయి రూపాయలే అయినా బ్యాంకు ద్వారా పుచ్చుకొనవలె. ప్రధానోపాధ్యాయుడు పదవీ విరమణ చేయక ముందే ఆయన సంతకం తీసుకొనవలె.